క్యాన్సర్ స్క్రీనింగ్‌కు ఉమ్మడి ఆరోగ్య రికార్డు: ఆభా నంబరు ఒక్కటే సరిపోతుందా?

మీరు ఆదోని డివిజన్‌లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరునని రాశారు. మీ ఏఎన్ఎంలు (గ్రామ స్థాయి నర్సులు), సీహెచ్ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చేసి, వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తున్నారు. అనుమానం కలిగినవారిని పై ఆసుపత్రికి పంపుతున్నారు. ఆ తరువాత ఎవరు వెళ్లారో, ఎవరికి బయాప్సీ అయిందో, ఎవరికి ఏమీ లేదని తేలిందో మీ వరకు రావడం లేదు. దాదాపు అందరికీ ఆభా నంబరు (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా గుర్తింపు సంఖ్య) ఉంది కాబట్టి రికార్డులన్నీ కలిస్తే ఈ చిక్కు తీరుతుందా, తీరాలంటే మా వంతుగా ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

రాయలసీమ జిల్లాల్లో అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో, ముఖ్యంగా దాని రికార్డుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఆభా అవసరమే గాని, అది ఒక్కటే ఈ పని చేయలేదు. ఆభా ఆధారంగా నడిచే ఉమ్మడి రికార్డు, ఆసుపత్రికి వచ్చి డాక్టరు ముందు కూర్చున్న మనిషి పాత వివరాలను అక్కడికి తెప్పిస్తుంది. స్క్రీనింగ్ కార్యక్రమం నిలిచేదీ పడిపోయేదీ మాత్రం రాని మనిషి దగ్గర. ఎవరు రాలేదో చెప్పేది స్క్రీనింగ్ రిజిస్టరు. బ్యాంకు పాస్‌పుస్తకం ఖాతాదారు చేతిలో ఉంటుంది, వాయిదా కట్టనివారి జాబితా బ్యాంకు దగ్గర ఉంటుంది. పాస్‌పుస్తకాలు ఎన్ని ముద్రించినా ఆ జాబితా దానంతట అది తయారు కాదు. మీకు రెండూ కావాలి, రెండూ ఒకే గుర్తింపుతో ముడిపడి ఉండాలి.

ఈ తేడా స్పష్టం కావాలంటే ఆభా నిర్మాణాన్ని కాస్త చూడాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చింది. పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఆ వ్యక్తికి గుర్తింపు మాత్రమే. అందులో వైద్య సమాచారం ఏదీ దాగి ఉండదు. రికార్డు ఎక్కడ పుట్టిందో అక్కడే, అంటే ఆ ఆసుపత్రి లేదా ఆ ల్యాబు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. వేరొక ఆసుపత్రి దాన్ని చూడాలంటే రోగి సమ్మతి అడగాలి, ఆమె తన ఫోనులో ఒప్పుకుంటే ఆ కాలానికి, ఆ పనికి మాత్రమే సమాచారం కదులుతుంది. వ్యక్తి గోప్యత దృష్ట్యా ఇది మంచి ఏర్పాటని నేను నమ్ముతాను. అయితే 'మా కేంద్రం పరిధిలో పోయిన నెల వీఐఏ (ఎసిటిక్ ఆమ్లం పూసి గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చి ఇంతవరకు కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు) వెళ్లనివారు ఎవరు' అని ఈ వ్యవస్థను అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆసుపత్రికి వెళ్లని మనిషి పేరిట అక్కడ రికార్డే పుట్టదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినది మీ ట్యాబ్‌ల వెనుక ఉన్న ఎన్‌సీడీ (అసాంక్రమిక వ్యాధుల) పోర్టల్. కాబట్టి మీరు జిల్లా అధికారులను అడగాల్సింది 'ఆభా లింకు ఎంత శాతం అయింది' అని కాదు, 'పై ఆసుపత్రిలో తేలిన ఫలితం ఎన్‌సీడీ పోర్టల్‌లోని అదే మనిషి వరుసలోకి తిరిగి వస్తోందా' అని.

స్క్రీనింగ్ ప్రాణాలు నిలుపుతుందనడానికి మన దేశంలోనే గట్టి ఆధారాలు ఉన్నాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష చేసిన వర్గంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ముంబయి మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తల చేత వీఐఏ చేయించిన అధ్యయనంలో ఆ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో తేలింది. తిరువనంతపురం జిల్లాలో నోటిని కంటితో చూసి పరీక్షించిన అధ్యయనంలో పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారి మరణాలు మూడో వంతు తగ్గినట్టు 2005లో ప్రకటించారు. ఈ మూడింటిలోనూ ఇంటింటి జాబితా ముందు తయారైంది, పాజిటివ్ వచ్చినవారిని చివరిదాకా వెన్నంటారు, ఆ జాబితాను క్యాన్సర్ రిజిస్ట్రీతోనూ (క్యాన్సర్ కేసుల నమోదుతోనూ) మరణాల నమోదుతోనూ సరిపోల్చారు. మనం ఆ పరీక్షను తెచ్చుకున్నంత శ్రద్ధగా ఆ జాబితాను తెచ్చుకోలేదన్నది నా బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. ఇప్పుడు ఇంటింటి స్క్రీనింగ్‌తో ఆ అంకె పెరుగుతుంది, పెరగాలి కూడా. పరీక్షలు పెరిగే కొద్దీ, పాజిటివ్ వచ్చి మధ్యలో జారిపోయేవారి సంఖ్య కూడా పెరుగుతుందన్నది మీరు స్వయంగా చూస్తున్నారు.

ఇతర దేశాల అనుభవంలో మనకు బాగా పనికొచ్చేది ఇంగ్లండ్‌ది. అక్కడ గర్భాశయ ముఖద్వార పరీక్షలు 1960ల నుంచే జరుగుతున్నా, ఆసుపత్రికి వచ్చినవారికే చేసేవారు. ప్రయోజనం అంతంతమాత్రంగా ఉండేది. 1988లో కంప్యూటర్ జాబితా నుంచి ప్రతి స్త్రీకి వంతు వచ్చినప్పుడు పిలుపు పంపే పద్ధతి పెట్టారు. ఆ ఏడాది 42 శాతంగా ఉన్న స్క్రీనింగ్ 1994కల్లా 85 శాతానికి చేరింది. పరీక్ష పాతదే, మారింది పిలుపు. అదే దేశంలో 2018 మేలో, 68 నుంచి 71 ఏళ్ల మధ్య ఉన్న దాదాపు 4,50,000 మంది స్త్రీలకు చివరి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) పిలుపు అందలేదని ఆరోగ్య మంత్రి పార్లమెంటులో ప్రకటించాల్సి వచ్చింది. తరువాతి విచారణలో ఆ సంఖ్య చాలా తక్కువని తేలింది, అసలు గందరగోళం ఏ వయసుతో పిలుపు ఆపాలన్న నిబంధనను వేర్వేరు చోట్ల వేర్వేరుగా అర్థం చేసుకోవడం దగ్గర ఉంది. మన 2016 నాటి జాతీయ మార్గదర్శకాల్లో ఈ మూడు క్యాన్సర్లకూ అయిదేళ్లకొకసారి పరీక్ష అని ఉంది. ఆ అయిదేళ్లు ఎప్పటి నుంచి లెక్క, పాజిటివ్ వచ్చి చికిత్స పొందినామెకు మళ్లీ ఎప్పుడు, వాయిదా పడ్డ పరీక్షకు ఏ తేదీ అన్నవి సాఫ్ట్‌వేర్‌లో ఎలా రాశారో ఒకసారి అడిగి తెలుసుకోండి. 'తరువాతి పరీక్ష తేదీ' అనే గడి ఖాళీగా వదిలేసే వీలున్న సాఫ్ట్‌వేర్, అయిదేళ్ల తరువాత ఎవరినీ పిలవదు.

ఇక మన ప్రాంతంలో అసలు కష్టం గుర్తింపు దగ్గర మొదలవుతుంది. కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు ఒకే ఊరిలో ఉరుకుందమ్మలు ఎంతమంది ఉంటారో మీకు చెప్పనక్కరలేదు. హుసేనమ్మ ఒక చోట హుస్సేనమ్మగా, మరోచోట ఉసేనమ్మగా నమోదవుతుంది. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఈరమ్మ ఆసుపత్రి చీటీలో వీరమ్మ అవుతుంది. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన వారందరికీ ఆధార్‌లో జనవరి 1 పుట్టినరోజు. భర్త పేరు, తండ్రి పేరు రెండూ ఒకే గడిలో కొట్టుకుంటాయి. పేరు, వయసు, ఊరు చూసి కలపాలనుకుంటే కంప్యూటర్ ఇద్దరు ఉరుకుందమ్మలను ఒకరిగా కలుపుతుంది, ఒకే హుసేనమ్మను ఇద్దరుగా విడదీస్తుంది. మొదటి పొరపాటు ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఒకామె బయాప్సీ ఫలితం మరొకామె ఖాతాలో చేరి, నిజంగా చికిత్స కావలసినామె జాబితా నుంచి తప్పుకుంటుంది. అందుకే పేరు పోలికతో రికార్డులను యాంత్రికంగా కలపడాన్ని ఒప్పుకోవద్దు. పోలిక కనబడితే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి నిర్ధారించిన తరువాతే కలపాలి. ఆభా నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఆభా కూడా సరిగా పుట్టాలి. చాలా ఇళ్లలో ఆధార్‌కు జోడించిన ఫోను కొడుకుది, ఆ కొడుకు బెంగళూరులో ఏ భవనం పనిలోనో ఉంటాడు. ఏఎన్ఎం ట్యాబ్ పట్టుకుని ఆమె గడపలో నిలబడితే ఓటీపీ అతని ఫోనుకు వెళ్తుంది, అతను పనిలో ఉండి ఎత్తడు, ఎంట్రీ పెండింగ్‌లో పడుతుంది. రోజు లక్ష్యం పూర్తి కావాలి కాబట్టి కార్యకర్త తన నంబరే ఇచ్చి ముగిస్తుంది. ఆ రోజుకు అంకె సరిపోతుంది, ఆ తరువాత ఆసుపత్రి నుంచి వచ్చే ప్రతి సందేశమూ, ప్రతి సమ్మతి విన్నపమూ ఆ కార్యకర్త ఫోనుకే చేరతాయి. సమ్మతి ఇవ్వాల్సిన మనిషి చేతిలో సమ్మతి ఉండదు. వేలిముద్ర ద్వారా ఆభా తీసుకునే వీలున్న చోట అదే వాడండి. సంప్రదించే నంబరు, ఓటీపీ నంబరు వేర్వేరు గడులలో ఉండాలని, ఆ నంబరు ఎవరిదో, ఆమెకు వరస ఏమిటో కూడా నమోదు కావాలని పట్టుబట్టండి. ఒకే ఫోను నంబరు ఇరవై ముప్పై పేర్లకు ఉన్న వరుసలను వెతికి తీస్తే మీ డేటా ఎంత నమ్మదగినదో అరగంటలో తెలిసిపోతుంది. మరొక మాట కూడా మీ సిబ్బందికి స్పష్టంగా చెప్పండి: ఆభా స్వచ్ఛందం. అది లేదని, తీసుకోవడం ఇష్టం లేదందని ఏ స్త్రీకీ పరీక్ష ఆపకూడదు. ఆమెకు పోర్టల్ ఇచ్చే నంబరుతోనే పని జరగాలి.

వలస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పంట చేతికొచ్చినా రాకపోయినా మీ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి: మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణకు, భవనాల పనికి బెంగళూరుకు. శిబిరం పెట్టిన రోజు తలుపుకు తాళం ఉంటే ట్యాబ్‌లో 'ఇల్లు తాళం' అని పడుతుంది, ఆ మనిషి లెక్కలో లేకుండా పోతుంది. ఆ ఎంపికను సాధారణ గైర్హాజరుగా చూడవద్దు. 'వలస, ఫలానా చోటికి, ఫలానా నెలలో తిరిగి వస్తారు' అని రాసే వీలు ఉంటే, ఉగాదికి ఊరు చేరే వారి జాబితా మీ దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. రాష్ట్రం లోపల వలసకు ఒకే పోర్టల్ కాబట్టి పల్నాడులోని ఆరోగ్య కేంద్రం కూడా ఆమె పాత ఫలితం చూడగలగాలి, తాను చేసిన పని రాయగలగాలి. ఆస్ట్రేలియాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రిజిస్టరు ఉన్నంత కాలం ఊరు మారిన స్త్రీల చరిత్ర తెగిపోతుండేది. గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్‌ను 2017 డిసెంబరు 1 నుంచి హెచ్‌పీవీ పరీక్షకు మార్చినప్పుడు, జాతీయ స్థాయిలో ఒకే రిజిస్టరు పెట్టుకున్నారు. మన జనం మాత్రం రాష్ట్రం దాటే వైద్యానికి వెళ్తారు. కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు వెల్లూరుకు వెళ్లడం తరతరాల అలవాటు. కర్నూలులోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నా ఈ దారులు ఒక్కసారిగా మారవు. రాష్ట్రం దాటిన రికార్డు తిరిగి రావాలంటే ఆభా, సమ్మతి ద్వారా తెప్పించుకోవడం తప్ప ప్రస్తుతానికి చట్టబద్ధమైన తేలిక దారి లేదు. అందుకే పొరుగు రాష్ట్రానికి వెళ్లబోతున్న మనిషికి ఆభా కార్డు ముద్రించి ఇచ్చి, అక్కడ ఓపీలో అదే నంబరు చెప్పమని వివరించడం మీ సిబ్బంది చేయగల విలువైన పని.

ఇప్పుడు తిరుగుదారి గురించి. రికార్డు పంచుకోవడం అంటే చాలామంది ఆసుపత్రి కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి పీడీఎఫ్‌గా ఎక్కించడం అనుకుంటారు. డాక్టరు చదువుకోవడానికి అది పనికొస్తుంది, రిజిస్టరుకు పనికిరాదు. కంప్యూటర్ ఆ ఫోటోను చూసి ఈమెకు బయాప్సీలో ఏం తేలిందో చెప్పలేదు, ఇలాంటివారు మీ కేంద్రంలో ఎంతమందో లెక్కించలేదు. మీకు కావలసింది పొడవైన కేసు షీటు కూడా కాదు. పరీక్ష ఏది, ఎప్పుడు, ఎవరు చేశారు, ఫలితం ఏమిటి, ఎక్కడికి పంపారు, అక్కడ చేరిన తేదీ, అక్కడ చేసిన నిర్ధారణ పరీక్ష, దాని ఫలితం, చికిత్స మొదలైన తేదీ, తరువాత ఎప్పుడు రావాలి. ఈ పది గడులు అందరూ ఒకే కోడ్‌లతో నింపితే చాలు. పై ఆసుపత్రి డాక్టరుకు ఓపీ రద్దీలో అయిదు నిమిషాలు కూడా దొరకవు. అందుకని ఈ గడులు నింపే పని డాక్టరు మీద వేసిన చోటల్లా అది ఆగిపోవడం చూశాను. రిఫరల్ మీద వచ్చినవారిని చూసుకోవడానికి ఒక నర్సునో, కౌన్సిలర్‌నో నియమించి, డాక్టరు చీటీ రాసిన వెంటనే ఆమె పోర్టల్‌లో ఎక్కించే ఏర్పాటు ఉన్న చోట పని నడిచింది.

ఆ గడులలో 'చేరిన తేదీ'ని చిన్నచూపు చూడవద్దు. రిఫర్ చేశామన్నది మీ పని పూర్తయిందని చెబుతుంది. ఆమె చేరిందన్నది ఆమె సంగతి చెబుతుంది. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోవాలి, తోడు ఒకరు రావాలి, వెళ్లిన రోజు ఆ క్లినిక్ లేకపోతే మళ్లీ రావాలి. ఆమె బయలుదేరడానికి ముందే ఏ రోజు, ఏ గదికి, ఎవరి దగ్గరకు వెళ్లాలో చీటీలో ఉండాలి. ఆ రోజు ఆమె పేరు అక్కడి జాబితాలో ముందే కనిపించాలి. ఉమ్మడి రికార్డు చేయగల గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం: ఆమె కన్నా ముందు ఆమె సమాచారం వెళ్లడం.

ఇక వారానికొకసారి మీ ముందుకు రావలసిన కాగితం ఒకటే, గడువు దాటినవారి జాబితా. రొమ్ములో గడ్డ, మానని నోటి పుండు ఉన్నవారు రెండు వారాల్లోగా, వీఐఏ పాజిటివ్ వారు నెలలోగా నిర్ధారణ పరీక్షకు చేరకపోతే పేరు ఆ జాబితాలోకి రావాలి; ఇవి నేను వాడే గడువులు, మీ దూరాలను బట్టి మార్చుకోవచ్చు. ఉదాహరణకు ఒక సోమవారం ఆ జాబితాలో ఏడు పేర్లు ఉన్నాయనుకుందాం. వాటిలో రెండు నిజానికి వెళ్లినవే, ఎంట్రీ మాత్రం పడలేదు. ఒకరు సుగ్గికి పోయారు. ఒకామె ప్రైవేటుగా వేరే ఊళ్లో చూపించుకుంది. ఒకరి ఫోను తప్పు. ఇద్దరు మాత్రం భయపడి ఆగిపోయారు. ఆ ఇద్దరి కోసమే ఈ ఏర్పాటంతా. మిగతా అయిదుగురిని ముందు తేల్చకపోతే ఆ ఇద్దరు కనబడరు. కాబట్టి ప్రతి పేరు పక్కన కారణం కోడ్ ఉండాలి, జాబితా నుంచి ఒక పేరు తీసేయాలంటే కారణం రాయనిదే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకూడదు. ఈ జాబితాకు బాధ్యులు ఫలానా వారని పేరు పెట్టి చెప్పండి. అందరిదీ అయిన జాబితాను ఎవరూ తెరవరు.

వీఐఏ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. అయిదు శాతం ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి చూసే ఈ పరీక్షలో తెల్లబారిన చోటు కనిపించి, చికిత్సకు తగినదైతే, శిక్షణ పొందినవారు అదే రోజు థర్మల్ అబ్లేషన్ (ఆ చోటును వేడితో మాడ్చే చికిత్స) చేయవచ్చు. అలాంటి సదుపాయం మీ దగ్గరకు వచ్చే శిబిరంలో ఉంటే జారిపోయే అవకాశమే తగ్గుతుంది, రికార్డు కూడా చిన్నదవుతుంది. అయినా ఏడాది తరువాత మళ్లీ చూడాల్సిన తేదీ మాత్రం తప్పక నమోదు కావాలి.

మీ ప్రశ్నలో లేని విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికం. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో అది 8.9 శాతం, స్క్రీనింగ్ వయసులో ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. ముఖద్వారంతో సహా తీసేసినామెకు, ఇతర కారణం లేకపోతే, వీఐఏ అక్కరలేదు. ముఖద్వారాన్ని ఉంచి గర్భసంచి మాత్రమే తీసిన శస్త్రచికిత్స అయితే పరీక్ష కావాలి. ఆ శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగింది ప్రైవేటు నర్సింగ్ హోముల్లో, ఆ డిశ్చార్జి కాగితాలు బీరువాలోనో అటక మీదో ఉన్నాయి, చాలాచోట్ల లేనేలేవు. 'గర్భసంచి తీశారు' అని ఒక్క టిక్కుతో ఆమెను జాబితా నుంచి తప్పిస్తే, ముఖద్వారం మిగిలి ఉన్న స్త్రీ జీవితాంతం పిలుపు లేకుండా మిగిలిపోతుంది. టిక్కు బదులు మూడు ఎంపికలు ఉండాలి: ముఖద్వారం తీశారు, ఉంది, తెలియదు. తెలియదన్నవారిని ఒకసారి స్పెక్యులంతో (లోపలి భాగం చూసే పరికరంతో) చూసి తేల్చండి. ఎందుకు తీశారో కూడా అడగండి, ఎందుకంటే అప్పటికే క్యాన్సర్ ముందు దశ మార్పులు ఉండి తీసి ఉంటే ఆమెకు ఆ తరువాత కూడా పర్యవేక్షణ అవసరం. మన రాష్ట్రంలో స్క్రీనింగ్ రికార్డుకు ఇంతకన్నా ముఖ్యమైన గడి మరొకటి లేదని నేను నమ్ముతున్నాను. నెలసరి ఆగిపోయినవారి వివరం కూడా అలాంటిదే. మార్పు మొదలయ్యే భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారిలో వీఐఏ నెగటివ్‌ను నమ్మలేం, హెచ్‌పీవీ పరీక్ష మేలు.

పరీక్ష నాణ్యతను కూడా ఈ రికార్డుతోనే చూడాలి. అదే వీఐఏ తమిళనాడులోని దిండిగల్‌లో మరణాలను 35 శాతం తగ్గించింది, ఉస్మానాబాద్‌లో చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. చేసే చేతిని బట్టి, చూసే కన్నును బట్టి ఫలితం మారే పరీక్ష అది. వందల మందిని చూసిన ఒక కార్యకర్తకు ఒక్క పాజిటివ్ కూడా రాకపోతే, ఆ ఊళ్లు ఆరోగ్యంగా ఉన్నాయని సంతోషించే ముందు ఆమె పరీక్ష చేసే తీరు చూడండి. అసాధారణంగా ఎక్కువ వస్తున్నా అంతే. పై ఆసుపత్రి ఫలితం తిరిగి వస్తే ఆమె పంపినవారిలో ఎందరికి నిజంగా మార్పులు ఉన్నాయో తెలుస్తుంది. ఈ వివరాన్ని మందలించడానికి వాడితే రేపటి నుంచి అంకెలు అందంగా వస్తాయి, నిజం రాదు. శిక్షణకే వాడాలి. నెగటివ్ వచ్చినామెకు రెండేళ్లలో క్యాన్సర్ బయటపడితే అది తెలిసేది క్యాన్సర్ రిజిస్ట్రీతో సరిపోల్చినప్పుడే, అది మీ కేంద్రం స్థాయిలో అయ్యే పని కాదు, రాష్ట్రం చేయాలి.

గోప్యత గురించి మీరు కొద్దిగానే అడిగారు గాని, ఇది చెడితే మిగతా అంతా చెడుతుంది. పల్లెలో 'ఫలానా ఆమెకు గర్భసంచి క్యాన్సరంట' అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. వీఐఏ పాజిటివ్‌లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదని ఎవరూ ఆగి వినరు. తరువాతి శిబిరానికి ఆ వీధిలో ఎవరూ రారు. ఆశా కార్యకర్త తెర మీద 'వచ్చే మంగళవారం కర్నూలుకు వెళ్లాలి' అన్నంత వరకే కనిపించాలి, ఫలితం ఏఎన్ఎంకు, సీహెచ్ఓకు, మీకు కనిపిస్తే చాలు. ఎవరు ఎప్పుడు ఏ రికార్డు తెరిచారో సాఫ్ట్‌వేర్‌లో నమోదవ్వాలి, ఆ నమోదును ఎవరైనా అప్పుడప్పుడు చూడాలి. కుటుంబ ఫోనుకు వెళ్లే సందేశంలో వ్యాధి పేరు ఉండకూడదు. రోజువారీ లైన్ లిస్టును (ఒక్కొక్కరి వివరాల జాబితాను) వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా పెట్టే అలవాటు ఎక్కడ ఉన్నా ఈరోజే ఆపించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, అర్థమయ్యేలా, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలి, వెనక్కు తీసుకునే వీలు ఉండాలి. మీ కార్యకర్త తెలుగులోనో, అవసరమైతే ఉర్దూలోనో కన్నడంలోనో రెండు వాక్యాల్లో చెప్పలేని సమ్మతి ఆ చట్టం ముందు నిలవదు.

మీరు రేపటి నుంచే చేయగలిగినది చెప్పి ముగిస్తాను. మూడు క్యాన్సర్లనూ ఒకేసారి పట్టుకోకుండా గర్భాశయ ముఖద్వార పాజిటివ్‌లతో మొదలుపెట్టండి. గత ఆరు నెలల వారిని పోర్టల్ నుంచి తీసి, ఒక్కొక్కరికి 'చేరారా, తేదీ ఎప్పుడు' అన్న ఒక్క గడి నింపించండి. ఆశా కార్యకర్తలు నడిచి వెళ్లి అడిగినా పది పదిహేను రోజుల పని. ఆ జాబితాతో జిల్లా ఎన్‌సీడీ అధికారి దగ్గరకు వెళ్లి మూడు అడగండి. పై ఆసుపత్రిలో మీ రిఫరల్స్ చూసుకునే ఒక మనిషి పేరు, ఫోను నంబరు. ఆ మనిషికి ఎన్‌సీడీ పోర్టల్‌లో ఫలితం రాసే లాగిన్. మీ మండలాల వారికి వారంలో ఒక నిర్ణీత రోజు. నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డాక పాత ఉమ్మడి జిల్లాల సరిహద్దు కేంద్రాల రిఫరల్ దారులు కొన్ని చోట్ల కాగితం మీద ఒక జిల్లాకు, జనం నడకలో మరో జిల్లాకు ఉన్నాయి; మీ కేంద్రం అలాంటిదైతే జనం నిజంగా వెళ్లే ఆసుపత్రికే ఆ లాగిన్ ఇప్పించమని అడగండి. లాగిన్ ఆలస్యమైతే, ఆ మనిషి వారానికొకసారి మీకు ఫోను చేసి చేరినవారి రిజిస్టరు నంబర్లు చదివి చెప్పినా పని ఆగదు. వాటిని మీ సీహెచ్ఓ అదే రోజు పోర్టల్‌లో ఎక్కించాలి.